దుఃఖంలో హుషారు పాటలా?
కష్టాల్లో హుషారైన పాటలు వింటే మనసు తేలికపడుతుందని మీ వ్యాసంలో రాశారు. నా అనుభవం వేరు. అమ్మ పోయిన కొత్తలో అలాంటి పాట వినబడితే లేచి వెళ్లిపోయేదాన్ని. నన్ను నిలబెట్టినవి బాలమురళీకృష్ణ గారు పాడిన రామదాసు కీర్తనలు. గోల్కొండ చెరసాలలో దెబ్బలు తిన్న మనిషి రాముణ్ణి బతిమాలతాడు, అంతలోనే చేయించిన నగలన్నీ ఏకరువు పెట్టి నిలదీస్తాడు, మళ్లీ బాధకు తాళలేక తిట్టానయ్యా అంటాడు. దేవుడి మీద నాకున్న కోపం కూడా తప్పు కాదనిపించింది అవి వింటుంటే. రాత్రి వంటిల్లు సర్దుకుంటూ పెట్టుకునేదాన్ని, ఏడుపొస్తే ఏడ్చేదాన్ని. ఏడ్చిన రోజే కాస్త నిద్ర పట్టేది. మీరు చెప్పిన హుషారు పాటలు నాకు పనికొచ్చింది ఆ తర్వాత చాలా నెలలకు.