శాలువాల బల్ల

విదేశంలో ఉన్న మన సంఘం పోయిన డిసెంబర్‌లో సొంతూళ్లలో చేసిన సేవా కార్యక్రమాల ఫొటోలు గ్రూపులో చూసే ఉంటారు. నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒక ఊరి స్కూలు, వైద్య శిబిరం బ్యానర్, బ్యానర్ కింద మనం. ఫొటోలో పడనిది ఒకటుంది. నల్లగొండ నుంచి సొంత ఖర్చుతో వచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయికి వేసిన బల్లను లాగేసి, దాని మీద శాలువాలు, మెమెంటోలు పెట్టారు. పెట్టమన్నది నేనే. ముఖ్య అతిథి వచ్చే టైమయింది, ఇంకో బల్ల లేదు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. చాప పట్టుకుని వరండాలోకి వెళ్లిపోయింది.

కాసేపటికి పత్తి చేన్ల నుంచి నేరుగా వచ్చిన ఒకామె డాక్టర్ ముందు కూర్చుంది. "మెడల నుంచి లేస్తది సారూ, ఈ కన్నెనక దాకా గుంజుతది. ఎప్పుడైనా ఈ పక్కనే" అంది. రెండు నిమిషాల్లో ఒక స్ట్రిప్పు, ఒక బామ్ చేతిలో పడ్డాయి. డాక్టర్‌ను అనేదేముంది, లైను గేటు దాకా ఉంది. కానీ ఆమె చెప్పింది అచ్చంగా నా నొప్పి.

నాకది నాలుగేళ్లు సాగింది. సైనస్ అనుకున్నాను. కళ్లజోడు మార్చాను. మైగ్రేన్ అని నాకు నేనే పేరు పెట్టుకుని చీకటి గదిలో పడుకున్నాను. సెలవులకు దేవరకొండ వస్తే అమ్మ తువాల నుదుటికి బిగించి కట్టేది, నాన్న కటింగ్ షాపుకు తోలేవాడు. అక్కడి పెద్దాయన కొబ్బరినూనె పోసి, తల మీద దరువేసి, చివరికి గదవ పట్టుకుని టక్కుమని తిప్పేవాడు. ఆ చేతులంటే నాకిప్పటికీ ప్రాణమే. ఆ విరుపు మాత్రం ఇక వద్దు. మెడలో మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం లోపల చిరిగితే పక్షవాతం రావచ్చు. అరుదే, కానీ వచ్చాక టక్కుమని వెనక్కి తిప్పలేం.

చివరికి ఇక్కడ ఒక ఫిజియో నన్ను పడుకోబెట్టి, మెడ పూర్తిగా ముందుకు వంచి, తలను పక్కకు తిప్పి చూసింది. మామూలుగా 44 డిగ్రీల దాకా తిరగాలట. నాది నొప్పి ఉన్న పక్కకు అందులో సగమే. తలనొప్పి తలలోది కాదు, మెడది! ఈ రకానికి 1983లో నార్వే డాక్టర్ ఓట్టార్ షోస్టాడ్ సెర్వికోజెనిక్ హెడేక్, అంటే మెడ నుంచి పుట్టే తలనొప్పి, అని వేరే పేరు పెట్టాడు. మెడ పైభాగంలోని మూడు నరాల కబుర్లు, ముఖం నుంచి వచ్చే నరం కబుర్లు మెదడు కింద ఒకే చోట కలుస్తాయి. వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలిశాక ఏ నీళ్లు ఎక్కడివో ఎవరు చెప్పగలరు? మెదడూ అంతే, మెడ నొప్పిని కంటి లెక్కలో రాసేసుకుంటుంది.

తర్వాత వరండాలో ఆ ఫిజియో అమ్మాయి పత్తి చేన్ల నుంచి వచ్చిన ఆమెకు నేర్పిందీ, నేను ఇక్కడ డాలర్లు పోసి నేర్చుకున్నదీ ఒకటే. వెల్లకిలా పడుకోవాలి. తల కింద మడిచిన గుడ్డ. కథకు ఊ కొట్టినట్టు గడ్డాన్ని కొంచెమే, మెల్లగా లోపలికి వంచి, పది సెకన్లు అలాగే ఉంచాలి. తల లేపకూడదు. గొంతు ముందు వేళ్లు పెట్టి చూస్తే పై కండరాలు తాళ్లలా బిగుసుకోకూడదు, పని లోపలి చిన్న కండరాలు చేయాలి. అలా పది సార్లు, పొద్దున, సాయంత్రం. తర్వాత కూర్చుని రెక్కలెముకలు కొంచెం వెనక్కి, కిందికి. "గింతేనా బిడ్డా?" అంది ఆమె. నేనూ అదే అన్నాను. ఆస్ట్రేలియాలో గ్వెన్ జుల్ బృందం 200 మంది మీద చేసిన పరీక్ష 2002లో అచ్చయింది. ఆరు వారాల వ్యాయామంతో తలనొప్పులు తగ్గాయి, ఏడాది తర్వాత చూసినా ఆ గుణం నిలిచే ఉంది.

అందరికీ ఇదే మందని కాదు. ఉన్నట్టుండి పిడుగులా వచ్చే తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, చెయ్యో కాలో పడిపోవడం, కిందపడ్డాక మొదలైన నొప్పి, ఇవన్నీ నేరుగా ఆసుపత్రికే. పైగా మర్రిగూడ వైపు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను బిగదీసే నేల. మా చిన్నప్పుడు అక్కడ వెనక నుంచి పిలిస్తే, మెడ తిరగక మనిషంతా తిరిగి చూసే తాతలు ఉండేవారు. ఎముకే బిగుసుకున్న మెడను బలవంతపెట్టకూడదు. ఆ అమ్మాయి అలాంటి ముగ్గురిని విడిగా కూర్చోబెట్టి, ముందు ఎక్స్‌రే అని చీటీ రాసింది. మన బ్యానర్ కింద ఆ పూట జరిగిన వైద్యంలో అదే నికరమైనదని నాకనిపించింది.

మాత్రలు వద్దనను. మన క్యాంపుల్లోనే ఎందరికో బీపీ, షుగర్ బయటపడ్డాయి. కానీ నెలలో సగం రోజులు నొప్పి గోళీ మింగుతూ పోతే ఆ గోళీలే తలనొప్పి తెస్తాయి. మనం స్ట్రిప్పులు పంచి విమానం ఎక్కుతాం. ఆరు వారాలకు ఆమె మెడ ఎట్లుందో అడిగేవాళ్లేరి?

అందుకే కమిటీ పెద్దలకు, ముఖ్యంగా బడ్జెట్ రాసే అన్నలకు, అక్కలకు చెప్పుకుంటున్నాను. ఈ డిసెంబర్ లిస్టులో శాలువాల లైను కొట్టేయండి. ఆ డబ్బుతో మండలానికి ఒక ఫిజియోను పెట్టి, మనం వెళ్లిపోయాక కూడా వారానికోసారి ఆరు వారాలు ఆ స్కూలుకే పంపుదాం. చాప, తువాల, ఒక బల్ల. బల్ల నేను మోస్తాను.