హార్డనర్ గారికి, రేకుల షెడ్డు నుంచి

మహారాజశ్రీ మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్ గారికి, ఫైబర్ షెడ్డువాళ్లం నమస్కరించి రాయునది.

ఇంత పొడుగు పేరుతో మిమ్మల్ని ఇక్కడెవరూ పిలవరు. హార్డనర్ అంటాం, ఏమీ అనుకోకండి. మీరు పడందే రెసిన్ జిగురు గట్టిపడదు, పడవ పడవ కాదు, నీళ్ల ట్యాంకు ట్యాంకు కాదు. ఒప్పుకుంటాం. కానీ నూటికి ఒకటి రెండు పాళ్లు కలిపే సరుక్కి ఇన్ని షరతులేమిటండీ?

30 డిగ్రీలు దాటకుండా దాచాలట. మే నెలలో రామగుండంలోనూ రెంటచింతలలోనూ నీడపట్టునే 45 చూస్తాం. మా షెడ్డులో నీడ కూడా లేదు, రేకు ఉంది. కొత్తల్లుడైనా పండగ మూడు రోజులే అలిగి, పెట్టింది పుచ్చుకుని లేచిపోతాడు. మీది ఏడాది పొడుగునా అలకే.

మీకోసం కెమిస్ట్రీవాళ్లు చెయ్యాల్సిందంతా చేశారు. మీలో రెండు ఆక్సిజన్ల మధ్య బంధం బలహీనం. అది తెగడమే మీ ఉద్యోగం గనక, దాన్ని గట్టి చేస్తే మీరు దేనికీ కొరగారు. అందుకే థాలేట్ ద్రవంలో పలచన చేసి పంపుతున్నారు, పుట్టిన వేడిని అది కాస్త పీల్చుకుంటుందని. మీ చుట్టం బెంజాయిల్ పెరాక్సైడ్‌ని నీళ్లతో తడిపి ఉంచుతారు, ఎండితే రాపిడికే భగ్గుమంటుందని. సీసా లోపల సంస్కరణలు పూర్తయ్యాయి. సీసా బయట ఉన్నది మేం. మమ్మల్ని మారమంటే ఎలా?

మీ కాగితాల్లో ఇంకో అంకె ఉంది. ఆ వేడిలో వారం ఉంచితే మీ కుళ్లు మీలోనే రగిలి, ఇక ఎవరు ఆపినా ఆగని హద్దు అది. మామూలు రకాలకు 60 దరిదాపుల్లో ఉంటుందంటారు. ఇందులో తిరకాసేమిటంటే, డబ్బా పెద్దదయ్యేకొద్దీ ఆ హద్దు కిందికి దిగుతుంది. లోపల పుట్టే వేడి ఇబ్బడిముబ్బడిగా పెరుగుతుంటే, బయటికి పోవడానికి ఆ పాటి ఒళ్లు ఉండదు. మేం పెద్ద క్యానే కొంటాం. కిలోకి కాస్త కలిసొస్తుంది మరి.

మీ మూతకో చిన్న బెజ్జం పెట్టి పంపారు, లోపలి గ్యాసు పోవడానికట. వాసనొస్తోందని టేపు చుట్టేశాం. మిగిలింది పారబొయ్యడం పాపమని మళ్లీ క్యాన్‌లోనే ఒంపుతున్నాం. అందులో కాస్త తుప్పో దుమ్మో కలిసినా మీరు లోలోపల కుతకుతలాడతారని తెలిసింది. రెసిన్ త్వరగా గట్టిపడ్డానికి వేసే ఆ ఊదారంగు కోబాల్టు యాక్సిలరేటర్‌తో మీకు నేరుగా పడదనీ, రెసిన్ మధ్యవర్తిగా లేకుండా ఇద్దరూ కలిస్తే మంటేననీ విన్నాం. ఇద్దరికీ కొలతకప్పు ఒకటే. కడుగుతాంలెండి, గుర్తుంటే.

మీ వంశం కోపం తెలియక కాదు. 2017 ఆగస్టులో టెక్సస్‌లోని క్రాస్బీ దగ్గర, ఆర్కెమా ఫ్యాక్టరీలో మీ పెరాక్సైడ్ దాయాదులు చల్లటి గోదాముల్లో ఉండేవారు. హార్వే తుపాను వరదకు కరెంటు పోయింది. జనరేటర్లు మునిగాయి. సిబ్బంది ఆ నీళ్లలోనే సరుకును తొమ్మిది చల్లటి ట్రెయిలర్లలోకి మోశారు, వాటిలోనూ కొన్ని వరదపాలయ్యాయి. చుట్టూ మైలున్నర మేర జనాన్ని ఖాళీ చేయించారు. ఆగస్టు 31న మొదటిది అంటుకుంది. ఆ తర్వాత మరో రెండు. మిగిలిన ఆరింటినీ సెప్టెంబరు 3న అధికారులే తగలబెట్టించారు. చల్లదనానికి ఒకటి పోతే ఇంకొకటి అని పెట్టుకున్న ఏర్పాట్లన్నీ ఒక్క వరదకే పోయాయి. మాకా బెడద లేదు. పోవడానికి మేం ఒక్క ఏర్పాటూ పెట్టుకోలేదు.

మీ తరఫున మాట్లాడే సేఫ్టీ ఆయన వచ్చి, ఒలికితే రంపప్పొట్టు చల్లొద్దు, అది అంటుకుంటుంది, వర్మిక్యులైట్ తెచ్చుకోండి అన్నాడు. పక్కనే వడ్రంగి షెడ్డు పెట్టుకుని, పొట్టు ఉచితంగా దొరుకుతుంటే, డబ్బిచ్చి మట్టి కొనాలట! టీ ఇచ్చి పంపాం.

చివరగా చిన్న విన్నపం. నిన్న కొత్త లాటు దిగింది. చోటు లేక ముందువరసలో పెట్టాం. గోడ వైపు, పడమటెండ తగిలే మూల, తేదీ చెరిగిపోయిన పాత క్యాన్ ఒకటుంది. ఈమధ్య పక్కలు కాస్త ఉబ్బినట్టు కనిపిస్తోంది. దాన్ని తీయాలంటే ముందున్నవన్నీ జరపాలి. పండక్కి డెలివరీలున్నాయి, ఎవరికీ తీరిక లేదు. అందాకా మీరే కొంచెం సర్దుకోవాలి.

ఇట్లు,
షెడ్డువాళ్లం