ముసలి అనడం కాదు, ఏకవచనమే అవమానం

‘ముసలి’ అనే మాట వినగానే ఉలిక్కిపడి, దాని బదులు వయోవృద్ధులు, వయోధికులు, సీనియర్ సిటిజన్లు అని రాసేస్తే మర్యాద చేసేశామనుకునే అలవాటు బాగా పాకింది. గొడవ ఆ మాటతో కాదని మా అభిప్రాయం. పల్లెటూళ్లో పెద్దావిడ ఎవరినైనా పలకరించండి, ‘ముసలిదాన్ని నాయనా, కళ్లు ఆనడం లేదు’ అని తన గురించి తానే చెప్పుకుంటుంది, ‘మా ముసలాయన అన్నం తిన్నాడో లేదో’ అని అదే నోటితో మొగుడి గురించి బెంగపడుతుంది. ఇందులో తిట్టు ఎక్కడుంది? చివర ‘ఆయన’ చేరితే ముసలాయన, మర్యాద. ‘వాడు’ చేరితే ముసలాడు, ముసలోడు, ఇక చెప్పేదేముంది.

ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి ఇది ఇంకా ఘోరం. ముసలావిడ, ముసలామె అనే మాటలు చక్కగా ఉండగా ‘ముసలిది’ అనేస్తారు, వట్టిపోయిన గేదెనూ అలాగే అంటాం. తెలుగు వ్యాకరణంలోనే ఏకవచనంలో ఆడమనిషికీ గొడ్డుకీ ఒకటే క్రియ (వచ్చింది, పోయింది), కాబట్టి నోటికి అలా వచ్చేస్తుందని సరిపెట్టుకోవచ్చు గానీ, ఆఫీసులో పెద్ద మేడమ్ ముందు అదే నోరు ‘వచ్చారు’ అని తడబడకుండా తిరుగుతుంది కదా.

వార్తల భాష చూడండి. ‘లారీ ఢీకొని వృద్ధుడి మృతి’ అని హెడ్డింగ్, లోపల చదివితే ఆయన వయసు 62. 75 దాటిన నాయకుడు మాత్రం ‘సీనియర్ నేత’, అదే వయసు నటుడైతే ఇంకా హీరోనే. నాయకుడు ‘అన్నారు’, పింఛను కోసం ఎండలో నిలబడ్డ అవ్వ ‘వాపోయింది’. అంటే వృద్ధుడు అనేది వయసును బట్టి కాదు, డబ్బూ పలుకుబడీ లేకపోవడాన్ని బట్టి పడుతున్న పేరు. సంస్కృత పదం కాబట్టి గౌరవంగానే ఉంటుందిలే అనుకుంటారేమో, దాని చివరా ‘డు’ ఉంది.

తాతా, అవ్వా, మామ్మగారూ, పెద్దాయనా అని కొత్తవాళ్లను కూడా వరస కలిపి పిలవడం మనకున్న మంచి పద్ధతి, దాన్ని వదులుకోమని ఎవరూ అనరు. కానీ కౌంటర్ అవతల కూర్చుని ‘ఏం తాతా, ఎన్నిసార్లు చెప్పాలి నీకు?’ అని కసిరితే ఆ వరసకు విలువేముంది? పైగా అరవై దాటిన ప్రతివారూ తాత అనిపించుకోవడానికి సిద్ధంగా ఉండరు, పిల్లలకింకా పెళ్లిళ్లు కానివాళ్లూ, మొన్నే రిటైరైనవాళ్లూ మొహం ముడుచుకుంటారు (తప్పేమీ లేదు). ‘అండీ’ అంటే ఏ గొడవా ఉండదు.

ఇక సర్కారు భాష. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ కోసం 2007లో తెచ్చిన చట్టం 60 నిండినవారిని సీనియర్ సిటిజన్లంది, వాళ్లను దిక్కు లేకుండా వదిలేస్తే 3 నెలల దాకా జైలో, 5,000 రూపాయల దాకా జరిమానానో, రెండూనో పడతాయని చెప్పింది. బాగుంది. రైల్వేలో 60 నిండిన మగవాళ్లకు 40 శాతం, 58 నిండిన ఆడవాళ్లకు 50 శాతం టికెట్ రాయితీ ఉండేది, కరోనా పేరుతో 2020 మార్చిలో ఆపేశారు. కింది బెర్తు కోటా ఉంది, సీనియర్ సిటిజన్ అనే పిలుపూ ఉంది, రాయితీ మాత్రం పోయింది. వికలాంగులను దివ్యాంగులన్నప్పుడూ ఇంతే, పేరు మారినంత వేగంగా ర్యాంపులు రాలేదు.

వార్త రాసేవాళ్లు పేరు, వయసు అంకెల్లో ఇచ్చి, గౌరవ బహువచనం వాడితే చాలు, వయసుకు వార్తతో సంబంధం లేనప్పుడు వృద్ధుడనో వృద్ధురాలనో హెడ్డింగ్‌లో ఎక్కించనక్కర్లేదు. బ్యాంకులో, మీసేవలో, సచివాలయంలో వేలిముద్ర పడకపోతే ‘ఇంకో వేలు పెట్టి చూడండి’ అనాలి, ‘ముసలి వేళ్లు, ఇంతే’ అని వెనకున్న వాళ్లను పిలవడం కాదు. గోడ మీద ‘వయోవృద్ధులకు ప్రత్యేక క్యూ’ అని బోర్డు పెట్టిన ఆఫీసులు ఆ బోర్డు కింద రెండు కుర్చీలు కూడా వేయించాలి.