ఓనరు క్లెయిమ్ చేశాడట!

మా వాడు ఒక తెలుగు హీరోకి భక్తుడు. హీరో పేరు చెప్పను. చెబితే మిగతా హీరోల భక్తులు బరంపురం వచ్చి మరీ మా ఇల్లు వెతుకుతారు.

ఆ హీరో పుట్టినరోజుకి మా వాడొక వీడియో చేశాడు. ముందు సినిమాలో ఆయన నడిచొచ్చే ముక్క, తర్వాత ఠాకురాణి జాతరలో తీసిన పులివేషాలు, చివర్లో మేడ మీద అప్పడాలు ఎండబెడుతూ పాడుతున్న నేను. ట్యూను ఆ సినిమాదే. మాటలు మాత్రం నావి. "ఎండిందా అప్పడం, గుండెల్లో దడదడం." నవ్వకండి, ఆ లైనుకి నాకు రెండు రాత్రులు పట్టింది.

పొద్దున్న ఏడింటికి ఆ వీడియోని ఒక వీడియోల సైటులో పెట్టాడు. పది నిమిషాలకి మేడ మీంచి ఒకటే కేక.

"నాన్నా, ఓనరు క్లెయిమ్ చేశాడు! మొత్తం పోయింది!"

నేను స్నానాల గదిలో ఉన్నాను. వంటింట్లో ఉన్న మా ఆవిడకి తెలిసిన ఓనరు ఒక్కడే, కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు. రెండు నెలల అద్దె బాకీ కూడా ఉంది. పోపు మాడుతున్న మూకుడు దించకుండానే, గరిటెతో సహా మెట్లు దిగింది.

"క్లెయిమూ గియిమూ అంటే ఊరుకోం! మేం ఎక్కడికీ కదలం! పదకొండేళ్ళ నుంచి ఉంటున్నాం ఇక్కడ!"

ఓనరు ఒడియా పెద్దమనిషి. తెలుగు బాగానే వచ్చుగానీ, గరిటె ఊపుతూ మాట్లాడే తెలుగు అంతగా అందదు. అందిన ముక్కలు మూడే: క్లెయిమ్, కదలం, పదకొండేళ్ళు. పన్నెండేళ్ళు నిండితే అద్దెకున్నవాడు ఇల్లు నాదే అంటాడని ఓనర్లకి ఎక్కడైనా ఉండే బెంగే. నేను తువ్వాలు చుట్టుకుని దిగేసరికి ఆయన నోట్లో బ్రష్షుతో, గడ్డం మీద నురగతో, ఇంటి కాగితాలున్న ట్రంకుపెట్టె ఎక్కి కూర్చున్నాడు. "మొ ఘొరొ! మొ ఘొరొ!" (నా ఇల్లు! నా ఇల్లు!) అంటూ పెట్టెని రెండు చేతులా పట్టుకున్నాడు.

మా బావమరిది ప్లీడరు. ఫోన్ చేస్తే వచ్చాడు. ముందు టీ తాగి, తర్వాత మెసేజ్ చదివి, "అక్కా, ఈయన ఇంటి ఓనరు. క్లెయిమ్ చేసింది పాట ఓనరు" అన్నాడు.

ఆ సైటులో ఒక యంత్రాంగం ఉంటుందట. ఓనర్లు ముందే అప్పజెప్పిన పాటలతో, సినిమాలతో కొత్త వీడియోలని పోల్చి చూస్తుందట. కలిస్తే వీడియో ఆపించడమా, ఉండనిచ్చి ప్రకటనల డబ్బులు తాను తీసుకోవడమా అన్నది ఓనరు ఇష్టం.

"మాటలు నావి కదా?" అన్నాను.

"ట్యూను ఎవరిది బావా?"

నేను అప్పడాల వంక చూశాను.

"కాపీరైటు చట్టం 1957 నాటిది. సెక్షన్ 52లో మినహాయింపులున్నాయి. సొంతానికి వాడుకోవచ్చు, విమర్శకి, సమీక్షకి వాడుకోవచ్చు. అభిమానం అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. 1996లో కేరళ హైకోర్టుకి ఇలాంటిదే ఒకటి వెళ్ళింది. ఒక నాటకాన్ని విమర్శిస్తూ ఇంకొకరు అందులోవే ముక్కలు వాడి ఎదురు నాటకం రాస్తే, విమర్శే కదా అని కోర్టు వాళ్ళ వైపే మొగ్గింది. ఒరేయ్, నువ్వు కూడా హీరోని విమర్శించానని చెప్పు, ఏదో వాదిద్దాం."

మా వాడు చెవులు మూసుకున్నాడు. "అన్నని విమర్శించడమా! మావయ్యా, కావాలంటే జైలుకెళ్తా!"

తిట్టేవాడికి దారుండి, దండం పెట్టేవాడికి లేకపోవడం ఏమిటో నాకిప్పటికీ బోధపడలేదు.

"పెళ్ళి ఊరేగింపులో అయితే ఈ పాట నిక్షేపంగా వేసుకోవచ్చు. చట్టంలోనే ఉంది" అన్నాడు బావమరిది. మా ఆవిడ మొహం వెలిగింది. "అయితే వీడికి చేసేద్దామా?"

"అక్కా, వీడికి పంతొమ్మిదేళ్ళే. అయినా అది ఊరేగింపు వరకే, ఇంటర్నెట్‌కి కాదు."

"మరి ఎన్నాళ్ళు ఆగాలి?"

"సినిమాకైతే విడుదలయ్యాక 60 ఏళ్ళు. పాట రాసినాయన విషయంలో ఆయన పోయాక ఇంకో 60."

మా వాడు వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. సినిమా వచ్చింది ఈ ఏడే కాబట్టి వాడికి 79 వచ్చేస్తాయి. "పర్లేదు మావయ్యా, అప్పటికీ అన్నే హీరో" అన్నాడు.

చివరికి పాట తీసేశాడు, సినిమా ముక్క కత్తిరించాడు. మిగిలింది పులులూ నేనూ. చప్పుడు లేకుండా అప్పడాల మధ్య నోరు తెరుస్తూ మూస్తూ ఉంటాను. రాయగడ నుంచి మా పిన్ని ఫోన్ చేసి, "ఏట్రా నాయనా, పన్ను నొప్పా?" అని అడిగింది.

సాయంత్రం ఓనరు మేడెక్కి వచ్చాడు. కళ్ళజోడు తుడుచుకుని వీడియో రెండుసార్లు చూశాడు.

"ఈ మేడ ఎవరిది బాబూ?"

"మీదేనండీ."

"ఈ తులసికోట?"

"అదీ మీదే."

"మరి నా క్లెయిమ్?"

మా ఆవిడ గరిటె కోసం వంటింట్లోకి వెళ్ళింది.