మహారాజశ్రీ పాత ఫాంటు గారికి

మహారాజశ్రీ పాత తెలుగు ఫాంటు గారి సముఖమునకు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, మా నాన్నగారి వాక్యాలు తప్ప.

మీ పేరు రాయడం లేదు. మీ వంశం పెద్దది, ఒకరిని అంటే ఇంకొకరు నొచ్చుకుంటారు.

2004లో మా నాన్నగారు తెలుగు పండితుడిగా రిటైరయిన కొత్తలో, తన 23 కథలు సంచిలో వేసుకుని బస్టాండు పక్కనున్న డీటీపీ సెంటరుకి వెళ్లారు. మీరు అక్కడ కొలువుండేవారు. కంప్యూటరు వెనక, ప్రింటరు తీగ పెట్టే చోట, వేలెడంత హార్డ్‌వేర్ లాక్ తగిలిస్తే గాని దర్శనం ఇచ్చేవారు కాదు. రాత్రి షాపు కట్టేటప్పుడు ఓనరు ఆ లాక్‌ను మాత్రం జేబులో వేసుకుని ఇంటికి వెళ్లేవాడు. కంప్యూటరు పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, మీరు పోతే ఎలా?

కథలు పుస్తకమయ్యాయి. ఫైలు సీడీలో పడి మా బీరువాలోకి చేరింది. ఈ ఏడాది నాన్నగారికి సహస్ర చంద్ర దర్శనం చేస్తున్నాం, వచ్చిన వాళ్లకి పుస్తకం మళ్లీ అచ్చువేసి ఇద్దామనుకున్నాను. సీడీ పెట్టే చోటు నా ల్యాప్‌టాప్‌కి లేదు. అది వేరే కథ, 24వది. ఎలాగో ఫైలు బయటికి తీసి తెరిస్తే మొదటి పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలు. కొన్నిటి నెత్తిన చుక్కలు, కొన్నిటికి తోకలు, మధ్యమధ్య డాలరు గుర్తులు. నాన్నగారు జీవితంలో డాలరు గురించి ఒక్క కథా రాయలేదు.

అప్పుడు గాని మీ అసలు రంగు తెలియలేదు. మీరు తెలుగు అక్షరం కాదు, తెలుగు వేషం. కంప్యూటరు లెక్కలో నాన్నగారు టైపు చేయించిందంతా ఇంగ్లీషే, మీరు దాని ముఖానికి రంగు పూసి కూర్చోబెట్టారు. మహా అయితే 256 గదులున్న ఇంట్లో గుణింతాలను, ఒత్తులను, కొమ్ములను, తలకట్లను ఇరికించి, ఎవరు ఏ గదిలో ఉన్నారో మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మీ దాయాది ఫాంటుకి గదుల లెక్క వేరు. మీ ఫైలుకి ఆయన్ని తొడిగితే కళ్యాణం కాస్తా నోరు తిరగని ఇంకేదో అవుతుంది. ఇక పేజీలో ‘అమ్మ’ అని వెతికితే ఒక్క అమ్మా దొరకదు. 23 కథల్లో!

అసలు మంట ఎక్కడంటే, ఏ భాష అక్షరానికైనా ఏ కంప్యూటరులోనైనా ఒకే గది కేటాయించే యూనికోడ్ అనే పద్ధతి ఉంది, దాని మొదటి వెర్షన్ 1991లోనే తెలుగుకి సొంత గదులిచ్చింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే యూనికోడ్ ఫాంటు ఊరికే వచ్చింది. ఆ సెంటరులో ఉన్నదీ ఎక్స్‌పీయే. అంటే మీరు సింహాసనం మీద కూర్చున్న ఇంట్లోనే ఆవిడ ఒక మూల కూర్చుని ఉంది, ఎవరూ పలకరించలేదు. న్యాయంగా చెప్పాలంటే, పేజీలు కట్టే పేజ్‌మేకర్‌కి యూనికోడ్ రాదు. దాని 7.0 వెర్షన్ 2001లో వచ్చింది, 8 అనేది రానే లేదు. మన డీటీపీ వాళ్లు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి దాన్నే అంటిపెట్టుకున్నారు. కాబట్టి తప్పు మీ ఒక్కరిదే అనను.

మీ రాతని యూనికోడ్‌లోకి మార్చే పనిముట్లు ఉన్నాయని మా మేనల్లుడు చెప్పాడు. ఒకటి వాడాను. తెలుగు వచ్చింది! కళ్లనీళ్లు తిరిగాయి. కాకపోతే పేజీ నిండా అక్కడక్కడా ఇంగ్లీషు బ్రాకెట్ గుర్తులు పడి ఉన్నాయి. చెత్త అనుకుని, అన్నీ ఒక్క దెబ్బతో తుడిచేసి, ప్రింటు తీసి నాన్నగారికి ఇచ్చాను.

ఆయన ఎర్రపెన్ను తీశారు. మీకు తెలియకపోవచ్చు, మా నాన్నగారు ఒత్తుకి అరమార్కు కోసేవారు. నాకూ కోశారు.

“ఒరే, ఈ ‘పేమ’ ఏమిట్రా?”

“ప్రేమ అండీ.”

“‘పభుత్వం’? ‘పయాణం’? ‘చందుడు’? ఇది రాసినవాణ్ని ఒకసారి పిలు.”

“అది రాసింది మీరే నాన్నగారూ.”

ఆ సాయంత్రం ఆయన కాఫీ తాగలేదు.

నేను ఊడ్చింది చెత్త కాదు, ర ఒత్తులు. మీ పద్ధతిలో ఆ ర ఒత్తుని, అంటే క్రావడిని, అక్షరానికి ఎడమవైపు, ముందే వేస్తారు. కంటికి అందంగానే ఉంటుంది. యూనికోడ్‌లో మాత్రం నోటితో పలికే వరస: ముందు ప, తర్వాత పొల్లు, ఆ తర్వాత ర. మార్చే పనిముట్టుకి మీ క్రావడి ఎవరో తెలియక బ్రాకెట్‌గా వదిలేసింది, నేను చీపురు పట్టుకొచ్చాను. తప్పు దిద్దుదామని ‘ప’ ఉన్నచోటల్లా ‘ప్ర’ పెట్టమన్నాను. పాప ప్రాప్ర అయింది, పిల్లి ప్రిల్లి అయింది. చివరికి మేనల్లుడే మొదటి ఫైలు మళ్లీ తీసి, బ్రాకెట్ తర్వాతి హల్లుని ముందుకు జరిపి దాని వెనక ర ఒత్తు తగిలించమని రెండు లైన్ల ప్రోగ్రాము రాశాడు. రెండు లైన్లు. నేను పోగొట్టుకున్నవి పదకొండు రాత్రులు.

రెండో ప్రూఫులో నాన్నగారికి నాలుగే తప్పులు దొరికాయి. నాలుగూ 2004 పుస్తకంలోనివే, అప్పుడు ఆయనే ప్రూఫు చూశారు. ఆ సంగతి నేను ఎత్తలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఇంత తిట్టి చివర్న అడగడానికి మొహమాటంగానే ఉంది. కొత్త ఫాంటులో అట్ట వేసి చూపిస్తే నాన్నగారు పెదవి విరిచారు. “అక్షరాలు బిగుసుకుపోయి నిలబడ్డాయిరా. ఆ పాతదే బాగుంది, ‘శ్రీ’ ఎంత గుండ్రంగా ఉండేదో,” అన్నారు. పది ఫాంటులు చూపించాను. తల అడ్డంగా ఊపారు.

కాబట్టి అట్ట మీద పేరు వరకు తమరే దయచేయాలి. లోపలికి రానివ్వను. అట్ట మీద కూడా అక్షరాలుగా కాదు, బొమ్మగా మార్చి అతికిస్తాను, గదుల లెక్కలు అక్కడ సాగవు. ఆ సెంటరు ఇప్పుడు సెల్‌ఫోన్ రిపేరు షాపు. ఓనరు ఫోను ఎత్తాడు గాని, లాక్ ఏ జేబులో ఉందో గుర్తులేదట.

ఇట్లు,
అరమార్కు పోయిన కొడుకు