72 మంది ఉన్న మునిసిపాలిటీని పక్కదాంట్లో కలిపేస్తే పోతుందా?

కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో, అమెరికా సరిహద్దుకి కాస్త పైన, గ్లెన్ మెక్‌ఫర్సన్ నంబర్ 46 అనే రూరల్ మునిసిపాలిటీ ఉంది. జనాభా లెక్కల్లో 2011లో అక్కడ 73 మంది ఉంటే 2016లో 72 మంది తేలారు. విస్తీర్ణం మాత్రం సుమారు 840 చదరపు కిలోమీటర్లు. ఆ రాష్ట్రంలో రూరల్ మునిసిపాలిటీలు దాదాపు 300 ఉన్నాయి, 2016 లెక్కల ప్రకారం వాటన్నిటిలో జనం మరీ తక్కువున్నది ఇదే. అంకె చూడగానే ఎవరైనా అనే మాట ఒకటే: 72 మందికి ఓ పాలకవర్గం, ఓ బడ్జెట్ ఎందుకు, పక్కదాంట్లో కలిపేయొచ్చుగా? నాకు ఆ వాదన ఎప్పుడూ మింగుడుపడలేదు. ఎందుకంటే ఆ నేలని ఇప్పటిదాకా దెబ్బతీసిందే తలలు లెక్కపెట్టి తీసుకున్న నిర్ణయాలు.

ముందు ఆ 46 సంగతి చూద్దాం. మొదట గీసిన పథకం ప్రకారం రూరల్ మునిసిపాలిటీ అంటే 18 మైళ్ల పొడవు, 18 మైళ్ల వెడల్పు ఉన్న చదరం. ఆరు మైళ్ల చదరం ఒక టౌన్‌షిప్, అలాంటివి తొమ్మిది కలిస్తే ఒక మునిసిపాలిటీ. నంబర్లు రాష్ట్రం ఆగ్నేయ మూల నుంచి మొదలై పడమరకి నడుస్తాయి. అడుగు వరస 1తో, దానిపై వరస 31తో, ఆపైది 61తో మొదలు. అంటే 46 అన్నది కింది నుంచి రెండో వరసలో తూర్పు నుంచి పదహారో గడి. అక్కడి రైతు పొలం చిరునామా కూడా ఇలాగే ఉంటుంది: నైరుతి క్వార్టర్ (సెక్షన్‌లో పావు భాగం), ఫలానా సెక్షన్ (ఒక చదరపు మైలు గడి), టౌన్‌షిప్ 5, రేంజ్ 11 (నిలువు వరస నంబర్), థర్డ్ మెరిడియన్ అనే నిలువు గీతకి పడమర. వాగు పేరు, గుట్ట పేరు ఏవీ అందులో కనపడవు.

ఈ గళ్లు ఎంత మొండిగా గీశారో రోడ్డు మీద తెలుస్తుంది. భూమి గుండ్రం కాబట్టి ఉత్తరానికి పోయేకొద్దీ నిలువు గీతలు దగ్గరపడతాయి. అందుకని సర్వేయర్లు 24 మైళ్లకోసారి గీతను పక్కకి జరిపి మళ్లీ మొదలుపెట్టారు. ఆ చోటుని కరెక్షన్ లైన్ అంటారు. తిన్నగా ఉత్తరానికి పోతున్న కంకర రోడ్డు ఉన్నట్టుండి అడ్డంగా తిరుగుతుంది, కొంత దూరం పోయి మళ్లీ ఉత్తరం పట్టుకుంటుంది. అక్కడ ఆ మలుపుకి కారణంగా కొండ గానీ చెరువు గానీ ఉండవు. వందేళ్ల పైబడిన కాగితం మీది సర్దుబాటు కోసం ఇవాళ్టికీ ప్రతి ట్రక్కూ అక్కడ స్లో చేయాల్సిందే.

గళ్లు గీయకముందు అది ఖాళీ నేల కాదు. క్రీ, సాల్టో, అసినిబోయిన్ అనే ఆదివాసీ ప్రజలు బైసన్ (అడవి దున్నల్లాంటి పశువులు) మందల వెంట తిరిగిన గడ్డినేల అది. 1874లో వాళ్లకీ కెనడా ప్రభుత్వానికీ మధ్య ట్రీటీ 4 అనే భూ ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. 1877లో లకోటా నాయకుడు సిట్టింగ్ బుల్ అమెరికా సైన్యం నుంచి తప్పించుకుని తన జనంతో దగ్గర్లోని వుడ్ మౌంటెన్‌కి వచ్చాడు, 1881లో తిరిగి వెళ్లాడు. అప్పటికే బైసన్ దాదాపు అంతరించిపోయి జనం ఆకలితో అల్లాడుతున్నారు. కెనడా ప్రభుత్వం రేషన్‌నే ఆయుధం చేసుకుంది. సైప్రెస్ హిల్స్‌లో ఉన్న ఆదివాసులు తను చూపించిన రిజర్వులకి (వాళ్లకని కేటాయించిన చోట్లకి) వెళ్లకపోతే తిండి ఆపేసింది. తర్వాత వలస వచ్చి స్థిరపడ్డ సెటిలర్లకి ‘ఎవరూ లేని నేల’గా కనిపించింది ఇలా ఖాళీ చేయించిన నేలే. ప్రెయిరీ (ఈ గడ్డిమైదానాల) ఊళ్ల చరిత్ర రాసేటప్పుడు మొదటి సెటిలర్ వచ్చిన ఏడాదితో మొదలుపెట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ ప్రాంతం ఎండిపోయే నేల అని హెచ్చరికలు లేకపోలేదు. 1857–60 మధ్య తిరిగి చూసిన అన్వేషకుడు జాన్ పాలిసర్, త్రికోణం ఆకారంలో ఉన్న ఈ పొడి ప్రాంతం వ్యవసాయానికి పనికిరాదని రాసిపెట్టాడు. తర్వాత వృక్షశాస్త్రవేత్త జాన్ మకూన్ వానలు బాగా పడ్డ ఏళ్లలో వచ్చి బ్రహ్మాండంగా ఉందన్నాడు. ప్రభుత్వానికి రెండో మాటే నచ్చింది. 1872 చట్టం ప్రకారం పది డాలర్ల ఫీజు కట్టి, మూడేళ్లలో ఇల్లు కట్టుకుని, కొంత నేల దున్ని చూపిస్తే 160 ఎకరాలు సొంతం. అయినా చాలా కాలం ఈ దక్షిణపు పొడినేలని పశువుల రాంచ్‌లకే వదిలేశారు. 1906–07 చలికాలంలో మంచుకి పశువులు గుంపులుగా చచ్చి రాంచ్‌లు దివాలా తీశాయి. 1908లో చట్టం మార్చి, ఎకరం మూడు డాలర్ల లెక్కన ఇంకో 160 ఎకరాలు కొనుక్కునే వీలిచ్చి, ఈ నేలని గోధుమ రైతులకి తెరిచారు.

అసలు తప్పు ఇక్కడ జరిగింది. సెక్షన్‌కి ఇన్ని కుటుంబాలు, కుటుంబానికి ఇన్ని ఎకరాలు అన్న లెక్కని తడినేలకీ పొడినేలకీ తేడా లేకుండా ఒకేలా వేశారు. ఈ మూలన ఏడాదికి పడే వాన 350 మిల్లీమీటర్లు అటూఇటూ. ఎండకీ గాలికీ ఆవిరైపోయేది అంతకంటే ఎక్కువ. 1915లో అదృష్టం కలిసొచ్చి రాష్ట్రమంతా ఎకరానికి సగటున 25 బుషెళ్ల (బుషెల్ గోధుమ అంటే సుమారు 27 కిలోలు) దాకా పండింది, యుద్ధం వల్ల ధర కూడా పలికింది. ఆ ఒక్క పంట చూసి ఎంతమంది అప్పులు చేసి భూములు కొన్నారో! 1917 నుంచే కరువు. 1930ల్లో అయితే మట్టే లేచిపోయింది. 1937లో రాష్ట్ర సగటు మూడు బుషెళ్ల లోపే. పశువులకి మేత లేక రష్యన్ తిసిల్ అనే ముళ్లకంపని పచ్చిగా ఉండగా కోసి ఎండబెట్టి పెట్టారు.

1935లో కేంద్రం ప్రెయిరీ ఫార్మ్ రీహాబిలిటేషన్ అడ్మినిస్ట్రేషన్ అనే సంస్థ పెట్టి, దున్ని పాడుచేసిన నేలలో మళ్లీ గడ్డి వేయించి ఉమ్మడి పచ్చికబయళ్లు చేసింది. ప్రభుత్వం తన లెక్క తప్పని ఒప్పుకున్నట్టే అది, ఆ మాట పైకి అనలేదు గానీ. 2012లో ఆ పచ్చికబయళ్ల నుంచి కూడా కేంద్రం తప్పుకోవాలని నిర్ణయించింది.

జనం తగ్గడానికి కరువు ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. 1936లో సస్కాచెవాన్‌లో 1,42,000 పైచిలుకు వ్యవసాయ క్షేత్రాలుండేవి, 2021లో 34,000 పైచిలుకు. సగటు క్షేత్రం 1,700 ఎకరాలు దాటింది. ట్రాక్టర్ వచ్చాక నాలుగు కుటుంబాల పని ఒక కుటుంబం చేసేసింది. గుర్రబ్బండి మీద ధాన్యం తోలుకెళ్లి ఒక్క రోజులో తిరిగి రావాలి కాబట్టి ఎనిమిది, పది మైళ్లకో చెక్క ఎలివేటర్ (ధాన్యం నిలవచేసి రైలుకెక్కించే ఎత్తైన గోదాం) కట్టారు, దాని చుట్టూ ఊరు పుట్టింది. ట్రక్కులు రాగానే ఆ దూరాలకి అర్థం లేకుండా పోయింది. 1995లో ధాన్యం రైలు రవాణాకిచ్చే సబ్సిడీ ఆపేశాక బ్రాంచి లైన్లు ఇంకా వేగంగా మూతబడ్డాయి. ఎలివేటర్ పోతే కొట్టు, కొట్టు పోతే బడి. 2017లో ప్రయాణికులు చాలట్లేదని రాష్ట్ర ప్రభుత్వ బస్సు సంస్థనే మూసేశారు. కారు నడపలేని ముసలివాళ్లు డాక్టర్ దగ్గరకి ఎలా వెళ్లాలన్నది మాత్రం ఆ లెక్కలోకి రాలేదు.

ఇక కలిపేసే వాదన. మానిటోబా రాష్ట్రం వెయ్యి మంది కూడా లేని మునిసిపాలిటీలని బలవంతంగా కలిపి 2015 నాటికి 197ని 137కి తగ్గించింది. సస్కాచెవాన్‌లో 2000లో ఒక టాస్క్‌ఫోర్స్ ఇలాంటిదే చెబితే పల్లెలు భగ్గుమన్నాయి, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆల్బెర్టాలో కరువుకి కుప్పకూలిన మునిసిపాలిటీలన్నిటినీ 1938లో స్పెషల్ ఏరియాస్ అనే ప్రత్యేక పాలన కిందికి తెచ్చి, రైతులు వదిలేసిన భూమిని మేతకి లీజుకిచ్చారు. గడ్డికి అది మేలే చేసింది, కాదనను. కానీ అక్కడ తుది మాట రాష్ట్ర ప్రభుత్వానిది.

రూరల్ మునిసిపాలిటీ చేసే పనిలో ఎక్కువ భాగం మనుషుల లెక్కన ఉండదు, నేల లెక్కన ఉంటుంది. కంకర వేయాలి, గ్రేడర్ యంత్రంతో రోడ్డు చదును చేయాలి, చలికాలం మంచు తొయ్యాలి, కల్వర్టులు చూసుకోవాలి, కలుపు మొక్కలు పాకకుండా ఆపాలి. దానికి డబ్బు ప్రధానంగా భూమి పన్ను నుంచి వస్తుంది. రెండు మునిసిపాలిటీలని కలిపితే ఒక ఆఫీసు ఖర్చు తగ్గుతుంది, ఒక్క కిలోమీటరు రోడ్డు కూడా తగ్గదు. ఏ కల్వర్టు దగ్గర వసంతంలో నీళ్లు పొర్లుతాయో ఆ డివిజన్ కౌన్సిలర్‌కి తెలిసి ఉండడం వేరు, వంద కిలోమీటర్ల అవతలున్న ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పుకోవాల్సి రావడం వేరు.

ఆ రోడ్ల మీద నడిచే సరుకులో మన వంటింటి వాటా కూడా ఉంది. 1970ల నుంచి సస్కాచెవాన్ విశ్వవిద్యాలయంలో ఆల్ స్లింకార్డ్ చేసిన పరిశోధన వల్ల మసూర్ పప్పు ఈ పొడినేలల్లో నిలదొక్కుకుంది. ఏడాది విడిచి ఏడాది బీడు పెట్టిన పొలాల్లో పంట వచ్చింది. కెనడా మసూర్‌లో అత్యధికం ఈ రాష్ట్రానిదే, పెద్ద కొనుగోలుదారుల్లో భారత్ ఒకటి. 2017 చివర్లో మన ప్రభుత్వం బఠాణీల మీద 50 శాతం, మసూర్ మీద 30 శాతం సుంకం వేసినప్పుడు మన రైతుల కోణంలో దానికి కారణాలున్నాయి గానీ, దెబ్బ నేరుగా తగిలింది ఈ కంకర రోడ్ల చివరి రైతులకే.

ఇప్పటికీ రోడ్లు, వంతెనల్లాంటి పనులకి కేంద్రం ఇచ్చే కమ్యూనిటీ బిల్డింగ్ ఫండ్‌ని ఈ రాష్ట్రంలో తలసరిన పంచుతున్నారు. 72 మందికి వచ్చే వాటాతో చిన్న వంతెన కూడా లేవదు, వరదకి కొట్టుకుపోయే వంతెనేమో ఎంతమంది ఉన్నారని అడగదు. రోడ్డు కిలోమీటర్లు, వంతెనలు, కాపాడుతున్న సహజ గడ్డినేల ఎకరాలు, వీటిని బట్టి ఆ నిధిని పంచాలి. విలీనం గురించి మాట్లాడేవాళ్లు ముందు ఈ ఫార్ములా మార్చమని అడగాలి.