పద్దెనిమిదో ఎక్కం

మా వాడుండేది బర్మింగ్‌హామ్‌లో, మేముండేది నెల్లూరు మూలాపేటలో. ఫోన్ చేస్తే వాడి మొదటి మాట "తిన్నారా" కాదు, "ఎంతుంది నాన్నా?" అని. నా షుగరు సంగతి. ఇక్కడి మిషన్ల మీద వాడికి నమ్మకం లేదు. అందుకని మొన్న మే నెలలో ఊరికొచ్చిన స్నేహితుడి చేత అక్కడి మిషను పంపించాడు. అరచేతిలో ఇమిడిపోయేంతది, నల్లగా ముద్దుగా ఉంది.

మర్నాడు ఆరున్నరకి, పరగడుపున, వేలికి సూది గుచ్చుకున్నాను. అంకె వచ్చింది. 7.6.

"ఎంతండీ?" వంటింట్లోంచి మా ఆవిడ.

"ఏడు పాయింట్ ఆరు."

గరిటె కింద పడిన చప్పుడు. "డెబ్బై కన్నా దిగితేనే ప్రమాదమన్నాడు గదా డాక్టరు! ఏడుకొచ్చిందా? ఇంకా ఎట్టా నిలబడున్నారు?"

ఎట్టా నిలబడ్డానో నాకూ అర్థం కాలేదు. వెంటనే కూర్చున్నాను. అప్పటిదాకా గుండ్రాయిలా ఉన్నవాడికి కళ్ళు తిరిగాయి, ఒళ్ళంతా చెమటలు. మే నెలలో నెల్లూరోడికి చెమట పట్టడానికి జబ్బే రానక్కర్లేదని ఆ క్షణంలో తట్టలేదు.

షుగరు పడిపోతే పదిహేను గ్రాముల చక్కెర తినిపించి, పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూడమని పొగతోట డాక్టరుగారు ఆవిడకి నేర్పారు. ఆవిడ తొందరలో పదిహేను నిమిషాలు గుర్తుపెట్టుకుంది, గ్రాములు వదిలేసింది. వియ్యంకుల కోసం తెప్పించిన మలై కాజాల డబ్బా ఫ్రిజ్‌లోంచి బయటికొచ్చింది.

మూడేళ్ళు. మూడేళ్ళుగా ఆ డబ్బా మూత తీసిన చప్పుడైతే చాలు, నా వైపు అనుమానంగా చూసిన మనిషి, ఇప్పుడు తన చేత్తో కాజా నా నోటికందిస్తోంది. కొరకంగానే పాకం గడ్డం మీదుగా బనీను మీదికి కారింది. చచ్చిపోతున్నాననే దిగులు ఒకపక్క, "రెండోది ఎప్పుడిస్తుందా" అనే ఆశ ఇంకోపక్క. నిజం చెప్పొద్దూ, ఆశే కాస్త బరువుగా ఉంది.

పదిహేను నిమిషాల తర్వాత 9.1. "ఇంత తీపి తింటే ఒకటిన్నరేనా పెరిగేది!" అని ఇంకో రెండు పెట్టింది. ఈలోపు కొడుక్కి పదకొండు సార్లు ఫోన్ చేసింది. అక్కడ అర్ధరాత్రి రెండు గంటలు, వాడు ఎత్తలేదు. ఎదురింటి పిన్నమ్మ వచ్చి నా అరికాళ్ళు రుద్దడం మొదలుపెట్టింది. ఈసారి 13.4. "దేవుడి దయవల్ల రెండంకెల్లోకొచ్చింది" అని పిన్నమ్మ మూలస్థానేశ్వరుడికి దణ్ణం పెట్టుకుంది.

అప్పుడొచ్చాడు మందుల షాపతను, గ్లూకోజు పొట్లంతో. నా పాత స్టూడెంటే. మిషను చేతిలోకి తీసుకుని కళ్ళజోడు పైకెత్తి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"సార్, యూనిట్లు చూశారా?"

ముప్పై ఒక్కేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి నేను. జవాబు ఒప్పయినా పక్కన యూనిట్లు రాయకపోతే అర మార్కు కోసేవాణ్ణి. వీడికి పదో తరగతిలో ఎన్ని అర మార్కులు కోశానో నాకు గుర్తులేదు గానీ, వీడికి గుర్తున్నట్టే ఉంది.

అంకె కింద చీమ తలకాయంత అక్షరాల్లో లీటరుకు మిల్లీమోల్స్ అని ఉంది. మనవాళ్ళు చెప్పేది డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో. గ్లూకోజు అణుభారం 180, డెసీలీటరంటే లీటరులో పదో వంతు. కాబట్టి పద్దెనిమిదితో హెచ్చవేయాలి. పొద్దున నాకున్నది 137. రోజూ ఉండేదే. మరి ఇప్పుడో? ఎక్కం నోటికొచ్చినా పైకి చెప్పబుద్ధి కాలేదు.

"రెండు వందల నలభై ఒకటి సార్" అని వాడే చెప్పాడు.

మా ఆవిడ మాట్లాడకుండా డబ్బా మూత బిగించి అటక మీద పెట్టింది. పిన్నమ్మ నా కాలు వదిలేసింది.

మధ్యాహ్నం కొడుకు ఫోన్ చేశాడు. అంతా విని అరగంట నవ్వి, "సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చేమో చూస్తాను నాన్నా" అన్నాడు. దాంతో ఊరుకోక, నాకు కాస్త ఒళ్ళొచ్చిందని బరువు చూసే మిషను కూడా పంపిస్తాడట. అక్కడ మనుషుల బరువు రాళ్ళలో చెప్తారట, రాయంటే ఆరు కిలోల పైచిలుకు.

"ఎన్ని రాళ్ళున్నారో తర్వాత చూద్దాం, ముందు ఆ కాకరకాయ కూర తినండి" అంది మా ఆవిడ.